నాలుగిళ్ళ శనివారం

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఫ్యాను చప్పుడులో నా గొంతు సరిగ్గా వినపడదు, ఇలా చాప మీదికి జరిగి కూర్చోండి. చిన్నపిల్లలుంటే ఒళ్ళో వేసుకోండి. టీవీ కాసేపు కట్టేస్తే కొంపలేం మునిగిపోవు.

ఇప్పుడు మా సెంబవాంగ్‌లో ఎటు చూసినా ఫ్లాట్ల బ్లాకులే. మా అంతస్తులోనే మూడు ఫ్లాట్లలో కంప్యూటరు ఉద్యోగాల వాళ్ళున్నారు. నెలకో కొత్త ముఖం దిగుతుంది. పక్క ఫ్లాటులో హైదరాబాదు నుంచి వచ్చిన సాయిబుల కుటుంబం ఉంది. వాళ్ళ ఏడేళ్ళ పాప సాయంత్రాలు నా దగ్గరే ఉంటుంది. మొన్న బడి పుస్తకంలో యుద్ధం బొమ్మలు చూపించి, "అమ్మమ్మా, జపనీస్ టైమ్‌లో నువ్వు హియర్ ఆ? యూ నెవర్ స్కేర్డ్ మెహ్?" అని అడిగింది. భయపడ్డానమ్మా, భయపడి ఒక తప్పు కూడా చేశాను అన్నాను. ఆ తప్పేమిటో, దాన్ని మా అమ్మమ్మ ఎలా దిద్దిందో పాపకు చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

అప్పుడు ఇక్కడంతా రబ్బరు చెట్లు, కొబ్బరి తోటలు, అనాస మళ్ళు. మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ముందు మలాయాలో రబ్బరు తోటలకు వచ్చి, ఆ తరవాత దాని పక్కనే ఉన్న ఈ దీవికి దాటి, ఇక్కడి నౌకల రేవులో పనికి దిగారు. నన్ను కని మా అమ్మ పోయింది. నాన్న రేవులో ఓడలకు రంగు వేసేవాడు. ఇంట్లో నేనూ, నాన్నా, మా అమ్మమ్మా, ఒక ఆవు.

మా ఇంటి వెనక కంచె దాటితే కొబ్బరి తోటలో నాలుగిళ్ళు ఉండేవి. అన్నీ ఒకే కుటుంబం వాళ్ళవి. వాళ్ళు యూదులు. ముత్తాతలు బాగ్దాదు నుంచి ఓడెక్కి వచ్చారట. పట్నంలో వాళ్ళ మతం వాళ్ళు పెద్ద వర్తకులే గాని, ఈ నాలుగిళ్ళ వాళ్ళు కోళ్ళు పెంచుకుని, గుడ్లూ కొబ్బరికాయలూ అమ్ముకు బతికేవాళ్ళు. ఇంట్లో అరబ్బీ మాట, బయట మలాయి మాట. పదిమంది మగవాళ్ళు నిలబడితేగాని వాళ్ళ ప్రార్థన సాగదు. నాలుగిళ్ళలో కలిపి పదకొండు మంది మగవాళ్ళు ఉండేవాళ్ళు. ఒకరికి జ్వరం వస్తే ఫరవాలేదు, ఇద్దరికి వస్తే మాత్రం నాలుగిళ్ళూ కంగారు పడేవి. యూదులన్న మాట నాకప్పటికి తెలీదు. మేం వాటిని శనివారం ఇళ్ళు అనేవాళ్ళం.

ఎందుకంటే శనివారం వాళ్ళ మతంలో విశ్రాంతి రోజు, నిప్పు ముట్టుకోరు. శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా అంతే. ఈ ఊరి ఉక్క మీకు తెలుసుగా, శుక్రవారం వండింది శనివారం మధ్యాహ్నానికి పులిసి నురగలు కడుతుంది. అందుకని ప్రతి శనివారం పొద్దున్నే మా అమ్మమ్మ కంచె దాటి వెళ్ళి, నాలుగిళ్ళలోనూ పొయ్యి రాజేసి వచ్చేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఆ పని నాకు అప్పజెప్పింది.

మొదటి శనివారం నేను వెళ్ళేసరికి ఆ ఇళ్ళకు పెద్దావిడ, బీబీ అనేవాళ్ళం ఆమెను, వసారాలో కూర్చుని ఉంది. చెమటతో రవికె ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూసి నవ్వి, "ఇల్లంతా చల్లగా ఉంది కదూ" అంది మలాయిలో. నేను ఆశ్చర్యపోయి, "లేదు బీబీ, చాలా వేడిగా ఉంది" అని చెప్పి, ఆవిడ ఇంకేమీ అనకపోయేసరికి తిరిగొచ్చేశాను.

"ఏటే, అప్పుడే ఎలిగించి వొచ్చేసినావా?" అంది అమ్మమ్మ.

"నేదు. ఆవిడేటీ అడగనేదు. సలిగా ఉందంటంది, పిచ్చేమో!"

అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో, నాలుగిళ్ళోళ్ళనీ పస్తుంచేసినావు గదే! ఆ మాటే అడగడం. ఆళ్ళు నిప్పు ముట్టుకోరు, ఇంకోర్ని ముట్టించమని నోరిప్పి అడగరు. అడగనేనోళ్ళ కాడికి ఎల్లినప్పుడు మనమే కళ్ళెట్టి సూసుకోవాల."

మళ్ళీ పరుగెత్తాను. తరవాత ఎప్పుడూ ఆవిడ చేత ఆ మాట అనిపించలేదు. ఆదివారం నాడు ఖర్జూరం పెట్టిన బిస్కెట్టు ఒకటి నాకోసం ఉండేది.

జపాను వాళ్ళు వచ్చాక అన్నీ తిరగబడ్డాయి. మా నాన్నని సయాం అడవుల్లో వేస్తున్న రైలు దారి పనికని తీసుకెళ్ళారు. ఆయన తిరిగి రాలేదు. ఆవును తోలుకుపోయారు. అమ్మమ్మను మిలిటరీ వాళ్ళ కూరగాయల తోటలో పనికి పెట్టారు, శనివారం కూడా సెలవు లేదు. శనివారం ఇళ్ళ వాళ్ళందరి పేర్లూ రాసుకుని, బట్టలకు గుర్తు బిళ్ళలు కట్టించారు. కొన్నాళ్ళకు మగవాళ్ళందరినీ లారీలో చాంగీ జైలుకు పట్టుకుపోయారు. పదకొండు మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆడవాళ్ళూ పిల్లలూ మిగిలారు. ఆ గడప తొక్కినవాళ్ళను కూడా లారీ ఎక్కిస్తారని మా వరస ఇళ్ళ పెద్ద అందరికీ చెప్పిపోయాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ మాత్రం, "పొయ్యి ముట్టించడానికి పిల్లెల్తే ఎవడు పట్టించుకుంటాడు, ఎల్లు" అంది. వెళ్ళాను. బీబీ ఇంటి ముందు కొబ్బరి చెట్టు కింద ఇద్దరు సైనికులు కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నారు. అనాస మడిలో దూరి, ముళ్ళు గీరుకుంటున్నా అక్కడే ముడుచుకు కూర్చుని, కాసేపటికి ఇంటికొచ్చేశాను. సాయంత్రం అమ్మమ్మ అడిగితే ముట్టించానని చెప్పాను. రెండో శనివారం సైనికులు లేరు. అయినా వెళ్ళలేదు. మూడో శనివారం మడి దాకా కూడా పోలేదు. అబద్ధం మాత్రం మూడుసార్లూ తడుముకోకుండా చెప్పాను.

ఆ మరునాడు కంచె దగ్గర అమ్మమ్మకు బీబీ కనిపించింది. చంకలో చిన్న మనవరాలు మెడ వాలేసి ఉంది. నిన్న సాయంత్రం నుంచి విరేచనాలట. ఏం పెట్టావని అమ్మమ్మ అడిగితే, కర్రపెండలం కాస్త పులిసినట్టుంది, పారేయడానికి మనసొప్పలేదు అంది బీబీ. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నా పేరే ఎత్తలేదు. నేను అమ్మమ్మ వెనకే నిలబడి ఉన్నాను. బీబీ నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ చెయ్యి బరువుకు నేను భూమిలోకి కుంగిపోయాను.

ఇంటికొచ్చాక దెబ్బలు పడతాయనుకున్నాను. అమ్మమ్మ నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, మోచేతుల మీద అనాస గీతలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"భయమేసినాదా?"

తలూపాను.

"నాకూ ఏస్తాది. భయమెయ్యడం తప్పు కాదు. భయమేస్తే దోవ మార్సుకోవాల గాని, పని మానేస్తారేటే?"

ఆ మాట అంటూనే గునపం తీసుకుని పెరట్లోకి నడిచింది. కంచె వారగా, ఆవు పోయాక ఖాళీగా పడి ఉన్న పాకలో, నడుం లోతు గుంట తవ్వడం మొదలుపెట్టింది. మట్టి ఎత్తిపోసే పని నాది. ఆ గుంట దేనికో నాకు శుక్రవారానికి గాని తెలియలేదు. మన ఊళ్ళలో పాలు కాగబెట్టడానికి దాలి వేస్తారు చూడండి, గుంటలో పిడకలు రాజేసి, పైన బూడిద కప్పి, పాలకుండ దించితే పొద్దస్తమానం సన్నగా కాగుతూనే ఉంటుంది. అమ్మమ్మ ఆ దాలే వేసింది, కాకపోతే శుక్రవారం నుంచి శనివారం దాకా నిలిచేలాగా. ఆవు పోయినా పిడకల గూడు మిగిలి ఉంది. పిడకల మధ్య కొబ్బరి పీచు దట్టించింది.

శుక్రవారం పొద్దు వాలకముందే నాలుగిళ్ళ తిండీ ఒకే పెద్ద కుండలో పెట్టి బీబీ కంచె దగ్గరికి తెచ్చేది. మూత చుట్టూ కర్రపెండలం పిండి ముద్దతో మూసేసేది. మేం మూత తీయకూడదు, మా గరిటె తగలకూడదు. మడి పట్టే మామ్మల్ని చూసినదే గదా, అమ్మమ్మకు ఆ సంగతి విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. మొదటి నిప్పు బీబీ తన పొయ్యిలోంచే తెచ్చి కంచె సందులోంచి దాలిలో వేసేది. శనివారం మధ్యాహ్నం ఆ కుండ పైకి తీసి, కంచెలో రెండు కర్రలు తప్పించి అవతల పెట్టడం నా పని. ఎవరూ ఎవరి గడపా తొక్కలేదు. శనివారం నిప్పు ఎవరూ ముట్టించలేదు. కుండ వేడిగానే ఉండేది.

ఇంకొకటి కూడా చేసింది అమ్మమ్మ. బీబీ కుండ అడుగున దించి, దాని మీద పలకరాయి కప్పి, రాయి మీద బూడిద పోసి, ఆ పైన మా కుండ పెట్టింది. మాకున్నదీ కర్రపెండలమే, ఆకుకూర కలిపి ఉడకేసింది. మనది కిందెందుకు పెట్టకూడదని అడిగాను. "సూసినోడికి ముందు కనపడేది మనదవ్వాల" అంది. నాకు కోపం వచ్చింది. పోతే మా కుండే పోతుందన్నమాట!

చాలా శనివారాలు ఏమీ కాలేదు. ఒకరోజు అయింది.

అమ్మమ్మ తోట పనికి వెళ్ళింది. నేను గుంట దగ్గర కూర్చుని మధ్యాహ్నం కోసం చూస్తున్నాను. సన్నగా పొగ రేగడం చూసి ఒక సైనికుడు దొడ్లోకి వచ్చాడు. పాకలోకి తొంగిచూసి, బూటు కాలితో బూడిద కెలికి, తుపాకీ చివరి కత్తితో కుండ మూత ఎగరగొట్టాడు. కంచె అవతలి ఇళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సియాపా పున్యా?" అన్నాడు. ఎవరిది అని.

అనాస మడి ఎంత దూరం ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఇరవై అడుగులు. పరుగెత్తితే వాడు వెంటపడడు. కాని నేను పరుగెత్తితే ఆ కుండ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు నేనే చెప్పినట్టవుతుంది. వాడు గుంటంతా తవ్వుతాడు. ఆ నాలుగిళ్ళ పిల్లలు ఆ పూట పస్తుంటారు, బహుశా లారీ కూడా వస్తుంది. లేచి నిలబడ్డాను. "సాయా పున్యా" అన్నాను, గుండె మీద చెయ్యి పెట్టుకుని. నాది.

"మకాన్" అన్నాడు. తిను అని.

చెయ్యి పెట్టి ముద్ద తీసి నోట్లో వేసుకున్నాను. నిప్పులాంటి ముద్ద. నాలుక కాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉమ్మేయలేదు, ఇంకో ముద్ద కూడా తిన్నాను. వాడు పకపకా నవ్వాడు. నోటి మంటకు నేను అటూ ఇటూ గెంతడమొక్కటే తక్కువ మరి. కుండను బూటుతో ఓ పక్కకు జరిపి, కత్తి మళ్ళీ గుంటలో దించాడు. అది పలకరాయికి తగిలి టంగుమంది. గుంట అంతవరకే అనుకున్నాడో ఏమో, మా కుండను గోనెపట్టాలో చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వాడు రోడ్డెక్కేదాకా ఆగి, బూడిద తోడి, రాయి లాగి, కింది కుండను కంచె దాటించాను. పిండి మూత చెక్కు చెదరలేదు. బీబీ అవతల నిలబడే ఉంది. అంతా చూసిందని ముఖమే చెప్పింది.

సాయంత్రం అమ్మమ్మ వచ్చి ఖాళీ గుంట చూసింది. "మనది పోయినాదా?" అంది. పోయిందన్నాను. "ఆళ్ళది?" అందిందన్నాను. "మరింకేటి!" అని రెండు గ్లాసుల్లో నీళ్ళు ముంచి, ఒకటి నా చేతికిచ్చింది. ఆ పూట మా భోజనం అదే. నాలుక కాలి నీళ్ళు కూడా మంటెత్తాయి. మూడు అబద్ధాలు చెప్పిన ఆ నోటి మీద నాకు కోపం పోయింది మాత్రం ఆ పూటే.

అలా దాదాపు రెండేళ్ళు గడిచాయి. యుద్ధం ముగింపుకు వస్తోందని అందరూ గుసగుసలు పోతున్న రోజుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళ కోసం కూడా లారీ వచ్చింది. కుండ దాలిలో దించి ఇంకా గంట కాలేదు. మనిషికొక మూట. నాలుగిళ్ళూ కాసేపట్లో ఖాళీ అయ్యాయి. లారీ మా గుమ్మం ముందు నుంచే పోయింది. నేను చెయ్యి ఎత్తబోయాను. బీబీ మా ఇంటి వైపు తిరిగి కూడా చూడలేదు, ఎన్నడూ ఎరగని ఇల్లన్నట్టు ఎదురుగా చూస్తూ కూర్చుంది. నేను ఏడ్చాను, మరిచిపోయిందని. "పిచ్చిదానా, నిన్ను ఆ లారీ ఎక్కనివ్వకుండా సేసింది" అంది అమ్మమ్మ.

మరునాడు పొద్దున్న అమ్మమ్మ తోట పనికి పోలేదు. పోకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. దాలి తవ్వి కుండ పైకి తీసింది. ఆ వారం దాలిలో పెట్టుకోవడానికి మాకేమీ లేదు, మేం తిండి చూసి రెండు పూటలయింది. "మనమే తినేద్దుమా అమ్మమ్మా, ఆళ్ళెలాగూ లేరు" అన్నాను. అమ్మమ్మ నా మాట విననట్టే కుండకు గోనెపట్టా చుట్టి నెత్తిన పెట్టుకుంది.

వాళ్ళను సైమ్ రోడ్డు ఖైదీల క్యాంపులో పెట్టారని దారిలో ఒకరు చెప్పారు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం దాటాక చేరాం. అమ్మమ్మ మోకాళ్ళు వాచిపోయాయి. గేటు దగ్గర కాపలావాడు పొమ్మన్నాడు. అమ్మమ్మ కుండ చూపించి, "హారి సబ్తు" అంది. ఇవాళ శనివారం అని. వాడు కర్ర ఎత్తాడు. అమ్మమ్మ నాలుగడుగులు వెనక్కి వేసి, రోడ్డు అవతల ఎండలో కుండ ముందు పెట్టుకుని కూర్చుంది. వాడు తరిమినప్పుడల్లా కాస్త పక్కకు జరిగేది, మళ్ళీ కూర్చునేది. చివరికి పొద్దు వాలే వేళ ఇంకో కాపలావాడు వచ్చి, విసుగ్గా కుండ అందుకుని లోపలికి పోయాడు. ఖాళీ కుండ కూడా తిరిగి రాలేదు. అది లోపల ఎవరికి చేరిందో మాకు తెలియలేదు.

పని ఎగ్గొట్టినందుకు మరునాడు అమ్మమ్మను తోటలో ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. అసలే వాచిన మోకాళ్ళు. ఇంటికి నడిచొచ్చి, "సర్లే, అయిపోయినాది" అంది.

యుద్ధం అయిపోయాక వాళ్ళు తిరిగొచ్చారు. అందరూ కాదు. పదకొండు మంది మగవాళ్ళలో ముగ్గురు క్యాంపులో ఆకలికీ జబ్బులకీ పోయారు. అందులో బీబీ భర్త ఒకడు. బీబీ ఎముకల గూడులా ఉంది. కంచె దగ్గరికి వచ్చి నిలబడగానే అమ్మమ్మ మొదట అడిగిన మాట, ఆ కుండ అందిందా అని.

అందలేదంది బీబీ. కాపలావాళ్ళే తినేసి ఉంటారు.

నేను అమ్మమ్మ ముఖం చూడలేకపోయాను. అంత నడిచాం, అంత పడింది. బీబీ కంచె మీంచి చెయ్యి చాపి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు గేటు దగ్గర నీళ్ళు మోయడానికి వచ్చిన తమ ఆడవాళ్ళు చూశారట. ఎండలో ఒక ముసలమ్మ, పక్కన ఒక పిల్ల, ముందు ఒక కుండ. ఎంత తరిమినా కదలడం లేదని లోపలికొచ్చి చెప్పారట. శనివారం ఎప్పుడో కూడా లెక్క తప్పిపోతుందని భయపడ్డ చోట, ఆ రోజు శనివారమని బయట ఒకరు గుర్తు పెట్టుకున్నారు, ఆ మాటనే చాలా నెలలు తిని బతికాం అంది బీబీ.

అమ్మమ్మ ముక్కు చీది, "అయితే ఈ శనారం ఏడేడిగా తిందురు గాని" అని గునపం కోసం లోపలికి నడిచింది.

పదిమంది మగవాళ్ళు లేక వాళ్ళ ప్రార్థన మళ్ళీ అక్కడ సాగలేదు. రెండేళ్ళలో తోట అమ్ముకుని, నాలుగు కుటుంబాలూ ఓడెక్కి ఏ దేశాలకో వెళ్ళిపోయాయి. ఈ చుట్టుపక్కల అలాంటి ఇళ్ళు ఉండేవని చెప్పడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే గుర్తున్నంతా పొల్లు పోకుండా చెబుతుంటాను.

పోయిన నెల ఎదుటి ఫ్లాటు అమ్మాయి పనిచేసే కంప్యూటరు కంపెనీ ఉన్నట్టుండి మూతపడింది. నాలుగు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. వెళ్ళి తట్టాను, తీయలేదు. "లీవ్ హర్ అలోన్ లా, అడిగితే అప్పుడు చూద్దాం" అంది మా కోడలు. ఆ అమ్మాయి అడగదు. అడగలేదు. చెత్త పారేయడానికి పొద్దున్నే బయటికి వస్తుందని కనిపెట్టి, మరునాడు ఆరింటికే లిఫ్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చింది. నన్ను చూసి వెనక్కి తిరగబోయి, ఆగి, ఏడ్చింది. ఆ పూట మా ఇంట్లోనే తింది.

తొమ్మిదేళ్ళప్పుడు నేర్చుకున్నది నాకు ఈ ఒక్కటే మిగిలింది. భయం ఇప్పటికీ వేస్తుంది. వేసినప్పుడు పక్క దోవ వెతుక్కుంటాను, అంతే. వెనక్కి మాత్రం రాను.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చుని విన్నారు. మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ ఇంట పిల్లలు వేళకు వేడి అన్నం తినాలి. నోరు తెరిచి అడగలేని రోజు మీకే గనక వస్తే, మీ కంచె అవతల కనిపెట్టుకుని చూసే మనిషి ఒకరు ఉందురు గాక.